'ట్వెల్వ్ పర్సెంట్' సరే, ఎంత నుంచి ఎంత వరకు?

కలప కొనడానికి టింబర్ డిపోకి వెళ్లినవాళ్లు అడిగేది ఒకటే: "సీజన్ చేసిందేనా?" అటునుంచి వచ్చే జవాబూ ఒకటే: "కిల్న్‌లో ఆరబెట్టింది సార్, ట్వెల్వ్ పర్సెంట్." కిల్న్ అంటే కలపని వేడి గాలితో ఆరబెట్టే గది, ట్వెల్వ్ పర్సెంట్ అంటే ఆరబెట్టాక కలపలో మిగిలిన తేమ. అంతే, ఇక సైజులు రాయించుకోవడం, రేటు బేరమాడుకోవడం. ఆ జవాబు అబద్ధమని నేననడం లేదు, చాలాసార్లు నిజమే. నా గొడవల్లా ఆ నిజం మన తలుపుకి పనికిరాదనే. ఒక లోడులో సగం పలకలు 8 శాతం దగ్గరా, మిగతా సగం 16 దగ్గరా ఉన్నాయనుకోండి, సగటు పన్నెండే వస్తుంది. అందులో నిజంగా పన్నెండు ఉన్న పలక ఒక్కటీ ఉండదు. అందుకని ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఎంత నుంచి ఎంత వరకు అని అడగండి అంటాను. ఈ రాసేదంతా ఆ ఒక్క ముక్క గురించే, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా పని తలుపులు, ద్వారబంధాలు, అప్పుడప్పుడు డైనింగ్ టేబుళ్లు. వానాకాలంలో తలుపు పట్టేసిందని ఫోన్ వస్తే నాకేం టెన్షన్ ఉండదు, వెళ్లి అంచుకి నాలుగు సార్లు చిత్రిక పట్టి వస్తే సరిపోతుంది. తలుపు మొత్తం ఒకేలా ఉబ్బింది, ఒకేలా తగ్గుతుంది. భయమేసే ఫోను వేరే. "ఒక పలక దగ్గర సందు పడింది, పక్క పలక దగ్గర లేదు" అంటారు. లేదా టేబుల్ పైభాగం మీద చెయ్యి రాస్తే జాయింటు దగ్గర సన్నటి మెట్టు తగులుతోందంటారు. దానికి చిత్రిక పని చేయదు. ఒకే ఫ్రేములో రెండు రకాల తేమ ఉన్న ముక్కలు పడ్డాయి, ఒకటి తగ్గుతోంది, ఇంకోటి కదలడం లేదు.

లెక్క చూస్తే ఇది ఎంత చిన్న తేడాతో వస్తుందో తెలుస్తుంది. టేకు పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా, దుంగ అడ్డకోతలో కనిపించే వలయాల వెంబడి సుమారు 6 శాతం తగ్గుతుంది, వలయాలకి అడ్డంగా, అంటే చెట్టు నడుమ నుంచి బెరడు వైపుకి, అందులో సగం కూడా తగ్గదు, పొడుగులో అయితే లెక్కలోకి రానంత. మామూలుగా పైనుంచి కిందికి వరసగా కోసిన పలకల్లో ఎక్కువ వాటికి వెడల్పంతా వలయాల వెంబడే ఉంటుంది. అలాంటి 150 మిల్లీమీటర్ల పలక 16 శాతం నుంచి 10కి దిగితే దాదాపు 1.8 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. పక్కన 10 దగ్గరే ఉన్న పలక అలాగే నిలబడి ఉంటుంది. ఇది టేకు సంగతి, కదలిక తక్కువని మనమంతా నెత్తిన పెట్టుకునే కలప. తుమ్మ, మామిడి లాంటివాటి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ తేమ శాతం అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా దీన్ని తప్పుగా పట్టుకుంటారు. మొత్తం బరువులో నీళ్ల వాటా అనుకుంటారు. కాదు. ముక్కలోని నీటి బరువుని, ఆ ముక్క పూర్తిగా ఎండాక ఉండే బరువుతో భాగిస్తారు. అందుకే పచ్చి కలపకి వంద శాతం దాటిన తేమ ఉండొచ్చు, అది అచ్చుతప్పు కాదు. ఎండిన బరువు 600 కిలోలుండే ఒక ఘనమీటరు కలపని 60 శాతం నుంచి 12కి తేవాలంటే 288 లీటర్ల నీళ్లు బయటికి తోలాలి. అందులో మొదటి సగం పైచిలుకు తేలిగ్గానే పోతుంది, అది కణాల ఖాళీల్లో ఉండే నీరు, పోయినా కలప సైజు మారదు. 28, 30 శాతం దగ్గరికి వచ్చాక ఖాళీల్లో నీరు అయిపోయి కణాల గోడల్లోది బయటికి రావడం మొదలవుతుంది. కలప ముడుచుకునేది అప్పటినుంచే. ఈ గీతని 1906లో టీమన్ అనే అమెరికన్ పట్టుకున్నాడు, ఆ తర్వాత మాడిసన్‌లోని ప్రభుత్వ పరిశోధనశాలలో కిల్న్‌ల మీద చాలా పని చేశాడు. మన డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది కూడా అదే ఏడు. కాబట్టి ఇదేదో కొత్త సైన్సు, మనదాకా ఇంకా రాలేదు అని ఎవరైనా అంటే నమ్మకండి.

సరే, ఒకే కిల్న్ చాంబర్‌లో, ఒకే వేడిలో, అన్ని రోజులు ఉన్న పలకలు వేరువేరుగా ఎందుకు ఎండుతాయి? సగం తప్పు కలపదే. చేవ ఒకలా ఎండుతుంది, చుట్టూ ఉండే తెల్ల చెక్క ఇంకోలా. డిపోలో ఏడాది పడున్న దుంగ, నిన్న కంటైనర్‌లోంచి దిగిన దుంగ కలిపి కోస్తారు. బల్లార్షా టేకు, ఘనా టేకు, ఈక్వెడార్ తోట టేకు ఒకే లోడులో పెడతారు, పైగా అంగుళం పలకలతో పాటు రెండంగుళాల కమ్ములు కూడా ఏ మూలో ఇరికిస్తారు, ఎందుకంటే చాంబర్‌లో జాగా ఖాళీగా ఉంటే ఓనరుకి మనసొప్పదు. అంగుళం చెక్కకి అయిపోయేసరికి రెండంగుళాల చెక్క నడుమ ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఒక లోడుకి ఒకే జాతి, ఒకే మందం అనేది మొదటి పాఠం, అందరూ మొదట మరిచేదీ అదే.

మిగతా సగం తప్పు పేర్చడంలో. వరసకీ వరసకీ మధ్య అడ్డంగా పట్టీలు పెడతారు కదా, గాలి ఆడటానికి. ఆ పట్టీలన్నీ ఒకే మందంలో ఉండాలి, పైనుంచి కింది దాకా ఒకదాని నెత్తిన ఒకటి నిలువు గీతలో రావాలి. చేతికందిన వేస్టు ముక్కలు పెడితే ఒకచోట గాలి ఎక్కువ, ఒకచోట తక్కువ, దానికి తోడు పలకలు వంకర్లు. గాలికి బద్ధకం ఎక్కువ, దారి సులువుగా ఉన్నచోటికే పోతుంది. లోడు మీద, పక్కన, కింద ఖాళీ వదిలేస్తే ఫ్యాన్లు తోలే గాలంతా అటునుంచి అటే తిరుగుతుంది, పలకల మధ్యకి వెళ్లదు. అడ్డుగా ఒక టార్పాలిన్ గానీ ప్లైవుడ్ ముక్క గానీ కడితే అయిపోయే పని ఇది. అది కట్టని చాంబర్‌లో లక్షల రూపాయల కంట్రోలర్ పెట్టి ఏం లాభం? ఇంకో సంగతి, గాలి లోడులోకి దూరేటప్పుడు వేడిగా పొడిగా ఉంటుంది, అవతలి వైపు బయటికి వచ్చేసరికి చల్లబడి తేమ పట్టి ఉంటుంది. అందుకే కొన్ని గంటలకోసారి ఫ్యాన్లు ఎదురు తిప్పాలి. ఫ్యాను ఒకే వైపు తిరిగే పాత చాంబర్లు ఇంకా ఉన్నాయి, వాటిలోంచి వచ్చే లోడులో ఎడమ చివర పలకకీ కుడి చివర పలకకీ తేడా మీటర్ లేకుండా చేత్తో బరువు చూసే చెప్పొచ్చు.

తడి గుడ్డ థర్మామీటర్ గురించి చెప్పకుండా ఉండలేను. చాంబర్‌లో రెండు థర్మామీటర్లుంటాయి, ఒకటి మామూలుది, ఒకటి తడి గుడ్డ చుట్టింది. రెండింటికీ ఉన్న తేడాని బట్టి లోపలి గాలి ఎంత పొడిగా ఉందో తెలుస్తుంది. ఆ గుడ్డ మీద బోరు నీళ్ల ఉప్పు పేరుకుని గట్టిపడిందనుకోండి, నీరు సరిగా ఆవిరవదు, థర్మామీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ "లోపల తేమ బాగానే ఉంది" అనుకుని కిటికీలు తెరిచేస్తుంది. నిజంగా లోపల కరువు. పలకల మీద వెంట్రుక వాసి పగుళ్లు మొదలవుతాయి. పది రూపాయల గుడ్డ మార్చనందుకు లోడు పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పినవన్నీ సరిగ్గా చేసినా పలకలన్నీ ఒకే శాతానికి రావు. కలప కదా, ఏ రెండు పలకలూ ఒకటి కావు. అందుకే ఆరబెట్టడం అయ్యాక చివర్లో ఒక దశ ఉంది, ఇంగ్లీషులో ఈక్వలైజింగ్ అంటారు, సమం చేయడం. నాకు తెలిసి కలప పనిలో ఇంత తెలివైన, ఇంత సులువైన ఉపాయం ఇంకోటి లేదు. అర్థం కావాలంటే ఈఎంసీ అనే అంకె తెలియాలి. గాలి వేడినీ తేమనీ బట్టి అందులో పెట్టిన కలప చివరికి ఒక శాతం దగ్గర ఆగుతుంది, ఇక అక్కడినుంచి నీరు పోదు, రాదు. ఆ అంకే ఈఎంసీ. మన మామూలు వేడిలో గాలి తేమ 30 శాతం ఉంటే ఈఎంసీ 6 దగ్గర, 50 ఉంటే 9 దగ్గర, 65 ఉంటే 12కి కాస్త అటూ ఇటూ, 80 ఉంటే 16 దగ్గర.

మనకి 10 శాతం కావాలనుకుందాం. లోడులో నమూనా పలకలు కొన్ని ముందే ఎంచుకుని పెడతారు, తొందరగా ఎండేవి, నెమ్మదిగా ఎండేవి రెండు రకాలూ. వాటిలో అన్నిటికంటే పొడిగా ఉన్నది 8కి రాగానే చాంబర్ గాలిని ఈఎంసీ 8 ఉండేలా మారుస్తారు. ఇక ఆ పొడి పలక ఎంతసేపున్నా 8 కంటే కిందికి దిగదు, దిగడానికి దారి లేదు. పచ్చిగా ఉన్న పలకలు మాత్రం దిగుతూనే ఉంటాయి. అన్నిటికంటే పచ్చిగా ఉన్నది 10కి వచ్చేదాకా అలాగే ఉంచుతారు. అప్పుడు లోడు మొత్తం 8కీ 10కీ మధ్య ఉంటుంది. ముందున్న పలకని నిలబెట్టి, వెనకున్నది వచ్చేదాకా ఆగడం, అంతే.

అంత సులువైతే మరి ఎందుకు చేయరు? చూడటానికి ఏమీ జరగదు కాబట్టి. మొదటి రోజుల్లో నీళ్లు బకెట్లకొద్దీ పోతాయి, తూకం రోజూ తగ్గుతుంది, అందరికీ ఉత్సాహం. సమం చేసే దశలో నమూనా పలక బరువు రోజుకి కదిలీ కదలనట్టు ఉంటుంది. బాయిలర్‌లో రంపపు పొట్టు మండుతూనే ఉంటుంది, ఫ్యాన్ల కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది, బయట ఇంకో లారీ లోడు ఎదురుచూస్తూ ఉంటుంది, దాని పార్టీ గంటకోసారి ఫోన్ చేస్తూ ఉంటాడు. సీజనింగ్ చార్జీ సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు లెక్కన తీసుకుంటారు గానీ ఎంత సమంగా ఎండిందన్న లెక్కన కాదు. ఇలా ఉన్నప్పుడు సగటు పన్నెండు రాగానే తలుపు తీసేయాలనిపించడం సహజం. చాంబర్ నడిపేవాణ్ణి తప్పుపట్టడం నాకిష్టం లేదు. సగటు అంకె చూసి డబ్బులిచ్చేది మనం.

సమం చేయడం పలకకీ పలకకీ మధ్య. ఒకే పలకలో పైపొరకీ నడుముకీ మధ్య ఉండే తేడా ఇంకో తలనొప్పి. పైన కరకరలాడుతూ లోపల పచ్చిగా ఉన్న వడియంలా, తొందరపడి ఎండబెట్టిన పలక పైపొర ముందే ఎండి ముడుచుకోవాలని చూస్తుంది, లోపల ఇంకా పచ్చి కాబట్టి ముడుచుకోనివ్వదు, దాంతో పైపొర సాగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. తర్వాత నడుము ఎండి ముడుచుకోబోతే ఈసారి పైపొర అడ్డం. బయటికి చూస్తే పలక చక్కగా ఉంటుంది, మీటర్ కూడా బాగానే చూపిస్తుంది. దాన్ని మందంలో రెండుగా చీల్చండి, రెండు ముక్కలూ లోపలివైపుకి ముడుచుకుని రంపాన్ని పట్టేస్తాయి. ఈ బిగువు తీయడానికి సమం చేశాక చాంబర్‌లోకి ఆవిరి వదిలి ఈఎంసీని కావాల్సిన శాతం కంటే 3, 4 పైకి తీసుకెళ్లి కొంతసేపు ఉంచుతారు, అంటే 10 కావాలంటే 13, 14 దగ్గర. పైపొర కాస్త తేమ పీల్చుకుని మెత్తబడి సర్దుకుంటుంది. వరస ముఖ్యం. సమం చేయకుండా నేరుగా ఆవిరి వదిలితే ఒక పలకకి చాలదు, ఇంకో పలకకి ఎక్కువవుతుంది.

దీన్ని పరీక్షించడానికి మీటరూ అక్కర్లేదు. పలక చివర నుంచి అరమీటరు లోపలికి వచ్చి అడ్డంగా ఒక అంగుళం ముక్క కోయండి, దాని నడుమ భాగం తీసేసి రెండు కాళ్ల ఫోర్కులా చేయండి. కాళ్లు వెంటనే ఒకదానివైపు ఒకటి వంగితే బిగువు అలాగే ఉందన్నమాట. వెంటనే తిన్నగా ఉండి, రాత్రంతా గదిలో వదిలేస్తే పొద్దుటికి వంగితే లోపల తేమ ఇంకా ఎక్కువగా ఉందన్నమాట. ఒక్క ముక్కతో రెండు జవాబులు. డిపోలో ఈ పరీక్ష చేస్తానంటే పలక పాడవుతుందని గొడవ పెడతారు, ఆ పలక డబ్బులు మీరే ఇచ్చేయండి, నష్టమేం లేదు.

మా దగ్గర పనిచేసే పెద్దాచారి గారికి ఇదంతా నచ్చదు. "ఏం కిల్న్ బాబూ, కలపని ఉడకేసి తెస్తున్నారు. ఎండకీ గాలికీ ఏళ్ల తరబడి ఆరిందే కలప" అంటారు. ఆయన మాటని కొట్టిపారేయను. నీడలో, పట్టీలేసి, చివర్లకి పెయింటు పూసి నెమ్మదిగా ఆరబెట్టిన పలకలో బిగువు తక్కువ. ఊళ్లలో తుమ్మ, వేప మొద్దుల్ని చెరువులో నానేసి తర్వాత ఆరబెట్టేవాళ్లు, అందులో పిండిపదార్థం నీళ్లలోకి పోతే పురుగు ఆశ తగ్గుతుంది, అది తెలివైన పనే. బర్మాలో అయితే టేకు చెట్టు మొదట్లో చుట్టూ బెరడూ తెల్ల చెక్కా గాటు పెట్టి, నిలువునా ఎండనిచ్చి, కొన్నేళ్లకి కొట్టేవాళ్లు, పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండింది ఇరావతి నదిలో తేలుతూ రంగూన్ చేరుతుంది. అదీ ఒక రకం ఆరబెట్టడమే. కానీ పెద్దాచారి గారు మరిచిపోయేది ఒకటుంది. ఆయన చిన్నప్పటి ఇళ్లకి ఏసీ లేదు, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉండేవి, తలుపు ఆరిన గాలిలోనే తలుపు బతికేది. పైగా ఏళ్ల తరబడి కలప దాచుకునే జాగా, డబ్బు ఇప్పుడు ఎవరికుంది? నా లెక్క ప్రకారం రెండూ కలపడమే మేలు: 25, 30 శాతం దాకా బయటి గాలికి వదిలి, అక్కడినుంచి కిల్న్‌లో పెడితే లోడు సమంగా వస్తుంది, పొట్టు ఖర్చు కూడా తగ్గుతుంది. నానబెట్టని కలపలో పురుగు చావడానికీ కిల్న్ వేడి పనికొస్తుంది. చెద సంగతి వేరు, ఏ కిల్న్ నుంచి వచ్చిన కలపకైనా తర్వాత చెద పట్టొచ్చు.

తలుపు ఏ గాలిలో బతుకుతుందనేది చిన్న విషయం కాదు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమని బట్టి నాలుగు మండలాలుగా విడదీసింది, ఏడాది సగటు 40 లోపు ఉన్నవి ఒక చివర, 67 దాటినవి ఇంకో చివర, ఒక్కో మండలానికి కలపలో ఉండాల్సిన తేమ మారుతుంది. సగటుకి ఒక హద్దు, విడి ముక్కకి ఒక హద్దు అని కూడా పెట్టింది. నేను మొత్తుకునేది అందులో ఎప్పుడో రాసిపెట్టి ఉంది, డిపో గోడ మీద మాత్రం ఎవరూ అతికించలేదు. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి 14 శాతం కలప బాగానే ఉంటుంది. అదే కలపతో హైదరాబాద్ ఫ్లాట్‌లో రోజంతా ఏసీ నడిచే బెడ్‌రూమ్‌కి వార్డ్‌రోబ్ చేస్తే ఏప్రిల్, మే నెలల్లో అది చిటపటలాడే చప్పుడు మీకే వినిపిస్తుంది.

ఇంకా దూరం వెళ్తే ఇంకా ఘోరం. మనవాళ్లు ఇక్కడ టేకు పూజామందిరం చేయించి షికాగోకో న్యూజెర్సీకో పంపిస్తారు. అక్కడ చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి తేమ 20, 25 శాతానికి పడిపోతుంది, ఈఎంసీ 5 దగ్గర. ఇక్కడ 12 దగ్గర బిగించిన 200 మిల్లీమీటర్ల పలక అక్కడ మూడు మిల్లీమీటర్ల దాకా తగ్గాలని చూస్తుంది, చుట్టూ ఫ్రేముకి జిగురేసి కదలకుండా పట్టేస్తే ఇంకేం చేస్తుంది, నడిమికి చీలుతుంది. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి చెక్కుతారు, అలాంటి ఒంటి చెక్క వాయిద్యాన్ని అక్కడికి తీసుకెళ్లినవాళ్లు చలికాలంలో గదిలో తేమ యంత్రం పెట్టుకోవడం షోకు కాదు, అవసరం. అమెరికాలో ఇంట్లోకి వాడే ఫర్నిచర్ కలపని 6 నుంచి 8కి ఆరబెట్టేది ఇందుకే. అక్కడి ఇల్లు కట్టే చెక్కకి మాత్రం ఇంకో లెక్క, 'కేడీ 19' అని ముద్ర ఉంటే 19 శాతం మించకుండా కిల్న్‌లో ఆరబెట్టారని. టెక్సాస్‌లో కొత్తిల్లు కట్టుకున్న మా చుట్టాలబ్బాయి మొదటి ఏడాదే గోడల్లో మేకుల తలలు బయటికి పొడుచుకొస్తున్నాయని ఫోటోలు పంపాడు, బిల్డర్ మోసం చేశాడేమోనని. మోసం లేదు. 19 దగ్గర కట్టిన చెక్క ఇంట్లో 8కి దిగుతూ ముడుచుకుంది, మేకు అక్కడే నిలబడింది.

ముద్రల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. విదేశీ ప్యాకింగ్ పెట్టెల చెక్కతో చౌక ఫర్నిచర్ చేసి, దాని మీద ఉన్న 'హెచ్‌టీ' ముద్ర చూపించి సీజన్డ్ వుడ్ అని అమ్ముతున్నారు. ఆ ముద్రకి అర్థం చెక్క నడుము దాకా 56 డిగ్రీల వేడి ముప్పై నిమిషాలు తగిలిందని, పురుగులు దేశాలు దాటకుండా. తేమ గురించి అది ఒక్క ముక్కా చెప్పదు. వేడి తగిలి, పచ్చిగానే ఉండొచ్చు.

ఇక మీరు చేయగలిగింది. రెండు సూదుల మాయిశ్చర్ మీటర్ కొనుక్కోండి, ఒక మంచి తలుపు రేటులో ఎన్నో వంతు కూడా ఉండదు. కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఆ మీటర్లు చాలావరకు డగ్లస్ ఫర్ అనే అమెరికన్ చెక్కకి లెక్కగట్టినవి, టేకుకీ తుమ్మకీ సవరణ ఉంటుంది, మీటర్‌తో వచ్చిన పట్టికలో చూసుకోవాలి. వేడిగా ఉన్న చెక్క ఎక్కువ చూపిస్తుంది, మందు కొట్టిన చెక్కా అంతే. 6, 7కి కిందా 28, 30కి పైనా అది చెప్పే అంకెకి విలువ లేదు. సూదుల్ని పైపైన గుచ్చితే పైపొర మాత్రమే తెలుస్తుంది. మొన తప్ప పిడి దాకా పూత ఉన్న పొడుగు సూదులైతే మందంలో నాలుగో వంతు లోతున పలక సగటు, సగం లోతున నడుము తేమ తెలుస్తాయి. ఆ రెండింటి తేడా ఎక్కువుంటే పలక ఇంకా ఎండలేదని. అనుమానం తీరకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది: చిన్న ముక్క కోసి తూచండి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక మారనంతవరకు ఉంచి మళ్లీ తూచండి. 90 గ్రాములది 60 అయితే తేమ 50 శాతం. దీనికి మించిన సాక్షి లేదు.

డిపోలో పేర్చిన అట్టిలో పైన కనబడే పలకలు మాత్రమే చూడకండి. నడుమ నుంచి, కింది నుంచి, రెండు చివర్ల వరసల్లోంచి తీయించండి. అంకెలన్నీ ఫోన్‌లో రాసుకోండి, సగటు కట్టకండి. అన్నిటికంటే పెద్ద అంకెకీ చిన్న అంకెకీ తేడా ఎంతో చూడండి. నా పనికి 3 దాటితే ఆ లోడు డైనింగ్ టేబుల్‌కి తీసుకోను, ద్వారబంధాలకైతే కాస్త అటూ ఇటూ ఉన్నా తీసుకుంటాను. లోడు ఇంటికి వచ్చాక కూడా వానాకాలంలో రేకుల షెడ్డు కింద నెలరోజులు వదిలేస్తే చివర్లూ అంచులూ మళ్లీ తేమ పడతాయి, కిల్న్‌కి పెట్టిన డబ్బంతా గాలికి పోయినట్టే. పట్టీలు తీసేసి దగ్గర దగ్గరగా పేర్చి, ప్లాస్టిక్ షీటు చుట్టేయండి.

ఈమధ్య ఒక డిపోలో నమూనా పలకల తూకాల చీటీ ఇస్తారా అని అడిగాను. "అది ఎక్స్‌పోర్ట్ పార్టీలకే సార్, లోకల్‌లో ఎవరూ అడగరు" అన్నాడు మేనేజరు, దాచే ఉద్దేశం కూడా లేకుండా. ఎక్స్‌పోర్ట్ లోడు పక్కనే ఉంది, అదే చాంబర్‌లోంచి వచ్చిందే, రెండు రోజులు ఎక్కువ ఉంచారట. మీటర్ పెడితే పైనుంచి కింది దాకా రెండు శాతం తేడా కూడా లేదు. రేటెంతని అడిగితే సీఎఫ్‌టీకి చెప్పిన అదనం, ఒక్క తలుపు విప్పి మళ్లీ చేసిపెట్టడానికి నాకయ్యే కూలీలో మూలకి రాదు. లోకల్ లోడు వద్దని చెప్పి, ఆ ఎక్స్‌పోర్ట్ లోడులోంచే మిగిలిన పలకలు, తూకాల చీటీతో సహా, నా పేరు మీద రాయించుకుని వచ్చాను.